బుడేన్ సాహెబ్ దగ్గు

దగ్గు ఎప్పుడు ఆగిందో నబీసాకు తెలియదు. ఇల్లు ఖాళీ చేయించడానికి వచ్చిన కోర్టు అమీనా తలుపు కొట్టి "ఇంట్లో ఎవరమ్మా, కోర్టు మనిషిని" అన్నప్పుడు ఆమె లోపల గడియను రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. వకీలు గుమాస్తా నేర్పిన మాటను, ఎక్కడ తప్పిపోతుందోనని పొద్దుటి నుంచి నోట్లోనే నములుతున్న మాటను, ఒక్క గుక్కలో పలికేసింది: "గోషా ఆడమనిషినయ్యా, తప్పుకునేదానికి టైమియ్యల్ల." బయట ఎవరో నవ్వారు. నవ్వు అణిగాక ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఇంట్లో ఏదో తక్కువైనట్టు తోచింది, నడుస్తున్న తిరగలిని ఎవరో చెయ్యి పెట్టి ఆపినట్టు. కుక్కిమంచం మీద మామ బుడేన్ సాహెబ్ ఎలా ఉన్నవాడు అలాగే ఉన్నాడు, మిద్దె కప్పులోని గవాచిలోంచి కనబడే చదరపు ఆకాశం వైపు కళ్ళు తెరుచుకుని. దగ్గు లేదు. ఆమె గంపలోంచి ఏకిన దూది ఒక పింజ తెంపి ఆయన ముక్కు దగ్గర పట్టుకుని వదిలింది. గుమ్మంలో మనిషి నడిచినా ఎగిరిపోయే పింజ అది, ఆయన చేత్తో ఏకిన దూదే. తెల్ల మీసం మీద వాలి, మీసంలో కలిసిపోయి, అక్కడే ఉండిపోయింది.

ఏడుపు పొట్టలోంచి లేచింది. ఈ పల్లెలో చావు ఏడుపంటే ఒక్కరి ఏడుపు కాదు. ఒక గొంతు లేస్తే పక్కింటి గొంతు అందుకుంటుంది, చేతిలో పని చేతిలోనే వదిలి వీధి వీధంతా వచ్చి పడుతుంది, మూసిన తలుపు మూసినట్టు ఉండదు. నబీసా పైట కొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకుంది. కొంగుకు చింతపులుసు వాసన. పొద్దున కొర్రన్నం పులుసుతో పిసికి పెడితే మామ ఒక ముద్ద తిన్నాడు, రెండో ముద్దను చేత్తో తోసి "వాడు వచ్చినాడా" అన్నాడు. "వస్తాండాడు మామా, బస్సు దిగుంటాడు" అంది ఆమె. పొద్దున్నే బస్సెక్కడిది. ఆ ముద్ద ఇంకా గిన్నెలోనే ఉంది, ఈగ వాలుతోంది, తోలాలి, తోలితే గిన్నె చప్పుడవుతుంది. కర్నూలుకు పోయిన మొగుడు జిలాని బాషా ఈ సాయంత్రం బస్సుకైనా రాకపోతే ఎట్లా. "అప్పీలు ముసలాయన పేరు మింద ఉండాది తల్లీ" అన్నాడు గుమాస్తా, వక్కాకు నములుతూ. "కింది కోర్టు ఇల్లు ఖాళీ చేసి బొజ్జన్నకు ఇయ్యమనింది గదా, ఆ తీర్పును అప్పీలు తేలేదాకా కర్నూలు కోర్టు ఆపుతాది. కొట్టేసేది కాదు, ఆపేది. దాన్నే స్టే అంటారు. ఆ కాయితం చేతికొచ్చేదాకా మీ మామను గట్టిగా ఉంచుకో. ఆయనకేమన్నా అయితే మల్లా అంతా మొదట్నించి." గట్టిగా ఉంచుకో అన్నాడు, కుంగిన దూలానికి ఊతగుంజ పెట్టి ఉంచుకోమన్నట్టు. ఆమె ఉంచుకుంది. మిరియాల కషాయం పెట్టింది, వీపు రాసింది, రాత్రిళ్ళు తల ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. చచ్చినవాడి పేరున వచ్చిన కాయితం కూడా చచ్చినదేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ మాట ఆమె తనంతట తానే అనుకుంది, అనుకున్నాక ఎవరినీ అడగలేదు, అడిగితే అవునంటారని భయం.

ఈ స్థలం బొజ్జన్న నాయన పెద్ద ఈరన్న ఇచ్చింది. నబీసా అప్పటికి పుట్టలేదు, అయినా మామ చెప్పగా చెప్పగా ఆమెకు చూసినట్టే ఉంటుంది. పెద్ద ఈరన్న కూతురి పెళ్ళి పరుపులన్నీ బుడేన్ సాహెబ్ ఏకిన దూదితోనే నిండాయి. "యాడంటే ఆడ దూదేకే విల్లు తగిలించుకోని తిరుగుతావేంటికి సాయిబూ, ఈడనే గోడ లేపుకో" అన్నాడు పెద్ద ఈరన్న. హద్దు గీయడానికి చేతిలో సున్నం లేదు, ముగ్గుపిండి లేదు. ఉన్నది దూది. ఆ దూదినే పింజలు పింజలుగా వదులుతూ చుట్టూ గీత పెట్టుకొచ్చాడు మామ, నల్లరేగడి మీద తెల్లగా. చూసినవాళ్ళు సరేనన్నారు. సాయంత్రం గాలికి హద్దు ఎగిరిపోయింది, ఆ తర్వాత ఏళ్ళకు చూసినవాళ్ళూ ఒక్కొక్కరే పోయారు. కోర్టులో అవతలి వకీలు "హద్దులు దేంతో వేసినారు" అని అడిగితే మామ చేతులు కట్టుకుని "దూదితో సామీ" అన్నాడు. కోర్టంతా నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక మామ కూడా నవ్వాడు, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పి జిలాని బాషా గోడకు తల ఆనించుకుంటే, మామ "ఉన్నమాటే చెప్పినా గదరా" అన్నాడు, మళ్ళీ దగ్గాడు. అప్పుడు మొదలైన దగ్గు వేరు. అంతకు ముందుది దూది దుమ్ము దగ్గు, దూదేకులవాళ్ళ ఇళ్ళన్నింటిలో ఉండేది. ఇది లోపల ఏదో తెగిన దగ్గు.

గడ్డి మంట వాసన తలుపు సందులోంచి వస్తోంది. దండోరా వేసే ఏసన్న తప్పెటను మంటకు కాచుకుంటున్నాడు. అమీనా ఇంట్లో అడుగు పెట్టి స్వాధీనం చేసిన వెంటనే తప్పెట మోగాలి, ఊరంతటికీ తెలియాలి, ఈ ఇల్లు ఇకమీదట బొజ్జన్నదని. తప్పెట తోలూ విల్లు నరమూ ఒకటే, చల్లబడితే పలకవు అనేవాడు మామ. ఆమె మంచం దగ్గర కూర్చుని మామ అరికాలు పట్టుకుంది. ఇంకా వెచ్చగానే ఉంది, లేకపోతే తన చెయ్యి చల్లగా ఉండి అలా అనిపిస్తోందో. బయట బొజ్జన్న గొంతు లేచింది. "గోషానా! పోయిన సంతలో చింతపండు తూకానికి నా మింద గయ్యిమని లేచింది ఎవరప్పా మల్ల?" ఎదురింటి అరుగు మీంచి భీమక్క ఊరుకుంటుందా. "మీ ఇంట్లో శనివారం ఒక్కపొద్దు ఉంటారు గదప్పా బొజ్జన్నా. ఆదివారం కూడు తింటే శనివారం ఒక్కపొద్దు అబద్ధమా?" అంది. ఏసన్న కిసుక్కుమన్నాడు. "నవ్వింది చాల్లే, తప్పెట కాలిపోతాది చూసుకో" అన్నాడు బొజ్జన్న. తర్వాత అమీనాతో గొంతు తగ్గించి, "సామీ, పొద్దుగూకుతాంది" అన్నాడు. "చూస్తానే ఉండా. గోషా అని నోటితో చెప్పినాక నేను టైమియ్యల్ల. పొద్దుగూకితే ఇంట్లోకి కాలు పెట్టగూడదు. రెండూ రూల్లే" అన్నాడు అమీనా. "మీ రూల్లన్నీ ఆ పక్కకే ఉండాయే!" "తీర్పు నీ పక్కకొచ్చినప్పుడు ఈ మాట అంటివా?" మళ్ళీ నవ్వులు. నిన్నటిదాకా భీమక్కతో చేలో పత్తి ఏరిన మనిషిని, ఈ రోజు పరదా వెనక ఉన్నాను, నా గొంతు తప్ప నేను ఎవరికీ కనబడను అనుకుంది నబీసా. లోకం ఇట్లా ఉంటుంది కాబోలు గోషా ఆడవాళ్ళకు, ఒట్టి చప్పుళ్ళుగా. లేక చచ్చినవాళ్ళకు ఇట్లా ఉంటుందా, మామా, నీకూ వినబడుతోందా, నీ ఇంటి ముందు నీ ఇంటి కోసం నవ్వుతున్నారు.

దవడ బిగుసుకోకముందే కట్టాలి. అత్త ఫాతిమా బీ పోయినప్పుడు ముసలమ్మలు చేస్తుంటే చూసింది. నబీసా తన నోట్లోంచి కొంగు తీసి, దాని అంచునే పళ్ళతో కొరికి చించబోయి, బట్ట చిరిగే చప్పుడు ఎంత పెద్దదో తలుచుకుని ఆగింది. దండెం మీది తువ్వాలు తెచ్చి గడ్డం కింద నుంచి నడినెత్తికి ముడి వేసింది. రెప్పలు వేళ్ళతో దించి అలాగే పట్టుకుంది, వదిలితే తెరుచుకుంటాయేమోనని. ముఖం పడమటికి తిప్పాలి. పడమటి గోడ అత్త అలికిన గోడ, మట్టి తడి మీద ఆమె నాలుగు వేళ్ళు వంపులు వంపులుగా పోయిన గుర్తులు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఉన్నాయి. తనకు వచ్చిన రెండు ముక్కల కల్మా చెవిలో చెప్పింది, పెదవులతోనే. తప్పు చెప్పిందేమో. చెవిలో దూది పోగు ఉంది, ఎప్పుడూ ఉండేదే, తలలో, కనుబొమల్లో, గడ్డంలో. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆమెకు అది చూస్తే నవ్వు వచ్చేది, మంచులో పడి లేచినవాడిలా ఉండేవాడు. పొద్దున లేచేసరికి విల్లు టంయ్ టంయ్ మని మోగుతూ ఉండేది, మధ్య మధ్య దగ్గు. లోతుగా గుంత తవ్వినట్టు ఒకటి, ఊపిరి పట్టి కాసేపు ఏమీ లేదు, ఆ తర్వాత చిన్నది ఒకటి, చివర "యా అల్లా". ఆ దగ్గు ఆమెకు అచ్చంగా వచ్చేసింది. పొయ్యి దగ్గర కూర్చుని మొగుణ్ణి నవ్వించడానికి దగ్గితే, ఒకరోజు జిలాని బాషా పెరట్లోంచి "ఏం నాయనా" అంటూ పరుగెత్తుకొచ్చాడు. వెనకనే మామ నిలబడి ఉన్నాడు. ఆమె చచ్చాననుకుంది. ఆయన గుమ్మం పట్టుకుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వి, "నా దగ్గు నువ్వు దగ్గితే ఇంగ నేనేం దగ్గల్ల పిల్లా" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడు జొన్నరొట్టె మాడినా, నీళ్ళు తేవడం ఆలస్యమైనా, ఆయన ఏమీ అనేవాడు కాదు, "ఏదీ, ఒకసారి దగ్గు" అనేవాడు.

గవాచి వెలుతురు నేల మీది బండల మీంచి గోడెక్కింది. మధ్యాహ్నం మంచం కోడు దగ్గర ఉన్న చదరం ఇప్పుడు తూర్పు గోడ మీద సాగి, ఎర్రబడి, మేకుకు తగిలించిన విల్లు కింది కొసను తాకుతోంది. అది విల్లు దాటి దూలం దగ్గరికి పోతే పొద్దు గూకినట్టే. ఈ ఇంట్లో ఆమెకు అదే గడియారం. పో, పో, ఇంకా పైకి పో. ఎన్ని సాయంత్రాలు ఆ వెలుతురును ఇంకాసేపు ఉండమని వేడుకుంది, దీపానికి నూనె మిగులుతుందని. ఈ రోజు తొందరపెడుతోంది. పొద్దు గూకితే అమీనా వెనక్కి పోతాడు, వారంటుకు ఈ రోజే ఆఖరు. లేదా పొద్దు ఉండగానే జిలాని బాషా వస్తాడు. రెండింట్లో ఏదో ఒకటి. అప్పుడు ఏడవచ్చు. చావుకు కూడా స్టే ఇస్తారా ఎవరైనా, కాసేపు ఆపుతారా, కొట్టేయమనడం లేదు, ఆపమని.

"తల్లీ" అన్నాడు అమీనా తలుపుకు దగ్గరగా వచ్చి. ఆయన గొంతు చెడ్డ గొంతు కాదు. "ముసలాయన లోపలే ఉండాడు గదా? తీర్పు ఆయన మింద. ఉండాడని నేను రాసుకోవల్ల. ఒక మాట పలకమను."

ఆమె తలుపు దగ్గరికి వచ్చి, "పలకలేడయ్యా, దగ్గు" అంది.

"దగ్గా? యాడ దగ్గు?" అన్నాడు బొజ్జన్న. "మేమొచ్చినప్పట్నుంచి ఒక్కటి గూడా వినపడలే. దాటించేసినారేమో. లోపల ఆమె తప్ప ఇంగెవరూ లేరు సామీ, గోషా లేదు ముసలాయన లేడు, అంతా నాటకం. తలుపు తియ్యమను."

నబీసా మామ ముఖం వైపు చూసింది. తువ్వాలు కట్టిన ముఖం పంటినొప్పి వచ్చిన పిల్లవాడి ముఖంలా ఉంది, అడుగుతున్నట్టే ఉంది, ఏదీ, ఒకసారి. ఆమె గోడ వైపు తిరిగి, నోటికి రెండు చేతులు అడ్డం పెట్టుకుని, గొంతు అడుగు నుంచి లోతుగా ఒకటి దగ్గింది. ఊపిరి పట్టింది. ఆ పట్టిన ఊపిరిలో ఊరంతా ఆగి వింటున్నట్టు అనిపించింది. చిన్నది ఒకటి దగ్గింది. "యా అల్లా" అనలేకపోయింది. ఆ మాట ఆయనది.

"ఉండాడు" అన్నాడు బొజ్జన్న. అతని గొంతులో ఇందాకటి మంట లేదు. "ఆ దగ్గు నా చిన్నప్పట్నుంచి వింటాండా. మా నాయన పక్కన కూసోని దగ్గుతా ఉండేవాడు." అమీనా కలం గీకిన చప్పుడు.

అయిపోయింది. ఆమె గోడ కిందకు జారి కూర్చుంది. ఏం చేశావు నబీసా, చచ్చినవాడి నోట్లోంచి దగ్గు తీసి కోర్టుకు చూపించావు. బయట అమీనా కాలక్షేపానికి ఏదో చెబుతున్నాడు, తప్పెట ఏసన్నతోనో మరెవరితోనో. "ఒకసారి ఆత్మకూరు పక్క ఒక పల్లెకు పోతి. ఇట్లనే ఖాళీ చేయించేదానికి. గుమ్మంలో కాలు పెడదామంటే లోపల ఏడుపు. ముసలామె అప్పుడే పోయింది. కూసోబెట్టి స్నానం పోస్తాండారు. తప్పెట వెనక్కి తిప్పుకోని వచ్చేస్తి. కర్మాలయ్యేదాకా ఆ దావ తొక్కలే. కోర్టు అడిగితే అదే చెప్పినా, పీనుగ ఉన్న ఇంట్లో నేను కాలు పెట్టనయ్యా అని. జడ్జి దొర ఏమీ అనలేదు." "పీనుగున్నింట్లో ఎవరు పెడతారు సామీ" అన్నాడు బొజ్జన్న. "నేనైనా పెడతానా?"

నబీసా ఆ మాట విన్నది, విని, ఇంకొకసారి అంటారేమోనని ఎదురుచూసింది. అయితే ఏడిస్తే సరిపోయేదా. మొదటే ఏడ్చి ఉంటే, కొంగు కుక్కుకోకుండా ఉంటే, భీమక్క అందుకుని ఉండేది, బొజ్జన్నే ముందు తలగుడ్డ తీసేవాడు, తప్పెట వెనక్కి తిరిగిపోయేది, మామ దిక్కులేనివాడిలా తువ్వాలు కట్టించుకుని ఉండేవాడు కాదు. ఇప్పుడైనా ఏడవచ్చు. దగ్గి దగ్గి ఇప్పుడే పోయాడనవచ్చు. నోరు తెరవబోయింది. గుమాస్తా తమలపాకు నోరు కనబడింది. ఆయనకేమన్నా అయితే మల్లా అంతా మొదట్నించి. ఈ వేళకు ఇల్లు మిగిలి, కాయితం చస్తే? కర్మలయ్యాక అమీనా మళ్ళీ వస్తాడు, అప్పుడు ఆపేది ఏముంది. జిలాని బాషా బస్సులో ఆ కాయితాన్ని చొక్కా లోపల పెట్టుకుని, ముడత పడకుండా, ఊపిరి గట్టిగా తీసుకోకుండా వస్తూ ఉంటాడు. అతని చేతిలో కాయితాన్ని ఆమె ఏడుపు చంపేస్తుంది. ఏడవకపోతే? బస్సు రాకపోతే? పొద్దు గూకకముందే అమీనా ఇక చాలు అంటే? మంచం నలుగురు ఎత్తి వీధిలో పెడతారు, ఎత్తేటప్పుడు చెయ్యి జారి కిందికి వేలాడుతుంది, అప్పుడు చూస్తారు. "ఈ వాకిట్లోంచే నన్ను ఎత్తుకోని పోవల్ల పిల్లా" అన్నాడు మామ, తీర్పు వచ్చిన వారంలో, విల్లు నరం వదులు చేసి మేకుకు తగిలిస్తూ. "ఎత్తేది నలుగురా, అమీనానా, అది అల్లా ఇష్టం." అని నవ్వి దగ్గాడు. ఆమె మామ అరికాలు మళ్ళీ పట్టుకుంది. ఈసారి అనుమానం లేదు. చల్లబడింది.

వెలుతురు విల్లు మీద ఉంది. వదులు చేసిన నరం మీద దూది నూగు ఎర్రగా కనబడుతోంది. దానికి కొంచెం పైన దూలం. ఆమెకు దాహం వేసింది. కుండ మంచానికి అవతల ఉంది, మామను దాటి పోవాలి. పీనుగును దాటగూడదు. మామను పీనుగు అనుకున్నందుకు నాలుక కరుచుకుంది. గిన్నెలో ముద్ద మీద ఈగలు నాలుగయ్యాయి. కొంగు మళ్ళీ నోట్లో పెట్టుకుంది. ఏడుపు ఇప్పుడు పైకి రావడం లేదు, ఎక్కడో రొమ్ములో రాయిలా కూర్చుంది. కొంగు తీసినా వస్తుందో రాదో. అలవాటు తప్పిన గొడ్డు పాలు పొదుగులోనే బిగబట్టి ఎగచేపినట్టు, ఏడుపు కూడా ఎగచేపుతుందా.

"తల్లీ, ఇంగ చాలు" అన్నాడు అమీనా. "నేను నా పని చేయల్ల. పక్కకు తప్పుకో, తలుపు తీయిస్తా." బండల మీద చెప్పుల చప్పుడు దగ్గరికి వచ్చింది. గడ్డి మంట మళ్ళీ గుప్పుమంది. అప్పుడు ఎదురింటి అరుగు మీంచి భీమక్క కేక వినబడింది. "వస్తాండాడు! నీ మొగుడొస్తాండాడే నబీసా, చేతిలో చెప్పులు పట్టుకోని ఉరికొస్తాండాడు!" ఆ వెనకే జిలాని బాషా గొంతు, ఎగపోస్తూ, తెగుతూ. "అయ్యా... ఆగండయ్యా... నిలుపుదల... కర్నూలు కోర్టు నిలుపుదల..."

కాయితం విప్పిన చప్పుడు. ఇటు తిరగవయ్యా, వెలుతురు చాల్లేదు అన్నాడు అమీనా. చదివాడు, చదువుకోని వాళ్ళందరి కోసం కొంచెం గట్టిగా. "అప్పీలుదారు బుడేన్ సాహెబ్. అప్పీలు విచారణ ముగిసేవరకు కింది కోర్టు తీర్పు అమలు నిలిపివేయడమైనది." చదివి మడిచాడు. "అంతేనప్పా. తప్పెట చల్లార్చుకో." ఏసన్న తప్పెటను చంకకు తగిలించుకున్నాడో ఏమో, వేలు తగిలి ఒక్కసారి చిన్నగా మోగింది. "ఈ పొద్దు నిలిచింది" అన్నాడు బొజ్జన్న. "రేపు యాడికి పోతాది." పోబోయి, తలుపు దగ్గరికి వచ్చి, లోపలికి వినబడేటట్టు, "సాయిబూ, ఇంగ పండుకో. కోర్టులోనే చూసుకుందాం" అన్నాడు. అడుగులు దూరమయ్యాయి.

తలుపు మీద జిలాని బాషా అరచేయి పడింది. "నబీసా, తలుపు తియ్యే. నాయనా, వచ్చినా. ఆగిపోయింది నాయనా, నీ పేరున రాసిచ్చినారు." ఆమె లేచింది. గోడ మీద వెలుతురు లేదు. విల్లు ఎక్కడుందో కనబడలేదు. చెయ్యి గడియను వెతుక్కుంది, గడియ దొరికింది, తీయలేదు. ముందు అతనికి తెలియాలి, తలుపు తెరిచి ఆ నవ్వు ముఖం చూడకముందే తెలియాలి. ఇప్పుడు ఏడవచ్చు. ఎవరూ లేరు, ఆపేది ఏదీ లేదు. కొంగు నోట్లోంచి తీసి, మామా అని ఎత్తుకోవడానికి నోరు తెరిచింది. లోతుగా గుంత తవ్వినట్టు ఒకటి వచ్చింది. ఆమె ఉలిక్కిపడి గొంతు పట్టుకుంది. ఊపిరి ఆగింది. చిన్నది ఒకటి వచ్చింది. ఏడుపు కోసం లోపలికి వెతికింది, మళ్ళీ అదే వచ్చింది, లోతుగా ఒకటి, ఆగి, చిన్నది ఒకటి.

తలుపు అవతల జిలాని బాషా నవ్వాడు, ఏడ్చినట్టు నవ్వాడు, తలుపుకు నుదురు ఆనించిన చప్పుడైంది.

"దగ్గు నాయనా" అన్నాడు. "నీ ఇంట్లో నీ ఇష్టమొచ్చినంత సేపు దగ్గు. ఇంగ ఎవరూ ఏమీ అనరు."